దర్శనానికొచ్చిన నలుగురు

తిరుపతికి రాజకీయ నాయకుడు వస్తే ఎందుకొచ్చాడని ఎవరూ అడగరు. దర్శనానికి వచ్చుంటాడు. పదవి వచ్చినా వస్తారు, పోయినా వస్తారు, రాబోతోందని కబురందినా వస్తారు. కొండ దిగేటప్పుడు విలేకరులు ఒక ఫొటో తీసుకుని వదిలేస్తారు. ఈ ఊళ్లో చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. గుట్టుగా మాట్లాడుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు దేశంలో మరొకటి ఉండదని నా అభిప్రాయం.

1963 అక్టోబరులో అలా వచ్చినవాళ్లలో నలుగురి పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. మద్రాసు ముఖ్యమంత్రి పదవిని అప్పుడే వదులుకున్న కామరాజ్, మైసూరు ముఖ్యమంత్రి నిజలింగప్ప, బెంగాల్ కాంగ్రెస్‌ను గుప్పిట్లో పెట్టుకున్న అతుల్య ఘోష్, మన ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. బొంబాయి ఎస్.కె. పాటిల్ మనిషి రాలేదు గానీ మాట కలిపాడు. తర్వాత పత్రికలు వీళ్లందరినీ కలిపి సిండికేట్ అన్నాయి.

వాళ్లు మాట్లాడుకున్నది ఇంకా బతికే ఉన్న ప్రధాని నెహ్రూ పోయాక ఏం చేయాలన్న సంగతి. ఇంట్లో పెద్దాయన మంచం మీద ఉండగానే వసారాలో కూర్చుని పొలం పంపకాల మాటెత్తినట్టు ఉంటుంది ఇది వింటే. నా విద్యార్థులు కొందరు ఛీ అనేవాళ్లు కూడా. కానీ ఆ మాట అప్పుడు ఎత్తకపోయి ఉంటే తర్వాత ఏమయ్యేదో ఆలోచించమనేవాణ్ణి. వాళ్లు ఒప్పుకున్నది చిన్న విషయమే. కాంగ్రెస్ అధ్యక్ష పదవి తమ మాట వినే మనిషికి దక్కాలి. నెహ్రూ తర్వాత గద్దె మొరార్జీ దేశాయ్‌కి మాత్రం పోకూడదు. మొరార్జీ నిజాయితీపరుడు, దక్షుడు, మొండివాడు. మూడో గుణమే వాళ్లకు పనికిరాలేదు. తమను లెక్కచేయని మనిషి వద్దు, నలుగురితో సర్దుకుపోయే లాల్ బహదూర్ శాస్త్రి అయితే మేలు. అందులో దేశభక్తి ఎంతో, స్వార్థం ఎంతో విడదీయడం నాకు చేతకాదు. మైఖేల్ బ్రెచర్ అనే కెనడా ఆచార్యుడు 1966లో ఈ వారసత్వ కథ మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయనా ఈ తిరుపతి మజిలీని వదిలిపెట్టలేదు.

నెహ్రూ తర్వాత ఎవరు అన్న ప్రశ్న అప్పటికి పాతబడిపోయింది. ఆ పేరుతోనే వెల్స్ హాంగెన్ అనే అమెరికన్ విలేకరి 1963లో పుస్తకం వేశాడు. ఎనిమిది మందిని ఎంచాడు: మొరార్జీ దేశాయ్, కృష్ణమీనన్, శాస్త్రి, చవాన్, ఇందిరాగాంధీ, జయప్రకాశ్ నారాయణ్, ఎస్.కె. పాటిల్, బి.ఎం. కౌల్. చివరి పేరు దగ్గర కాస్త ఆగాలి. కౌల్ రాజకీయ నాయకుడు కాదు, లెఫ్టినెంట్ జనరల్. 1962లో ఈశాన్య సరిహద్దులో చైనా చేతిలో దెబ్బతిన్న సేనకు నాయకత్వం వహించి, తర్వాత ఉద్యోగమే వదులుకున్నవాడు. అలాంటివాణ్ణి కూడా జాబితాలో చేర్చాడంటే, భారతదేశంలో సైన్యం గద్దెనెక్కదని అప్పట్లో ఎవరూ పూచీ పడలేదన్నమాట.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. చుట్టూ చూసుకుంటే చాలు. పాకిస్తాన్‌లో జిన్నా స్వాతంత్ర్యం వచ్చిన పదమూడు నెలలకే, 1948 సెప్టెంబరులో పోయాడు. ప్రధాని లియాకత్ అలీఖాన్‌ను 1951లో సభలో కాల్చి చంపారు. 1958లో అయూబ్ ఖాన్ సైనిక పాలన వచ్చేసింది. బర్మాలో ఆంగ్ సాన్ స్వాతంత్ర్యం చూడకుండానే 1947 జులైలో హతుడయ్యాడు. 1962 మార్చిలో నె విన్ సైన్యంతో వచ్చి కూర్చున్నాడు. సింహళంలో బండారునాయకేను 1959లో చంపితే, మరుసటి ఏడు ఆయన భార్య ప్రధాని అయింది. మన చుట్టుపక్కల ప్రియనాయకుడు పోతే రెండే దారులు కనబడుతున్నాయి: తుపాకీ, లేదా కుటుంబం.

ఇక్కడ నెహ్రూ చూస్తుండగానే వాడిపోతున్నాడు. చైనా యుద్ధం ఆయన్ను లోపలినుంచి తినేసిందని అప్పటివాళ్లందరూ అన్నదే. 1963 ఆగస్టులో కృపలానీ లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టాడు. 62కి 347 ఓట్లతో వీగిపోయింది గానీ, నెహ్రూ మీద అలాంటిది పెట్టొచ్చు అన్న ఊహే అప్పటికి కొత్త. ఆ నెలలోనే కామరాజ్ పథకం వచ్చింది: పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు పదవులు వదిలి పార్టీ పనిలో దిగాలి. ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు వెళ్లిపోయారు. మొరార్జీ వెళ్లాడు, శాస్త్రి వెళ్లాడు, జగ్జీవన్‌రామ్ వెళ్లాడు. మన బెజవాడ గోపాలరెడ్డి కూడా వెళ్లారు. ఠాగూరును తెలుగు చేసిన కవి, ఆంధ్రరాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసినవారు, అప్పుడు సమాచార ప్రసారశాఖ చూస్తున్నారు. ఆయన ఏ వర్గానికీ పోటీ కాదు. పెద్ద చెట్లు కొట్టేటప్పుడు పక్కనున్న పొద కూడా పోతుందంటారే, అలా పోయారని మా పాత సహాధ్యాపకుడొకాయన అనేవాడు.

కూతురికి దారి చేయడానికే నెహ్రూ ఈ పథకం ఒప్పుకున్నాడని కొందరు, పార్టీ నిజంగానే బలహీనపడిందని కొందరు. ఆయన మనసులో ఏముందో మనకు అందదు. చేసింది మాత్రం కనబడుతుంది. 1964 జనవరిలో భువనేశ్వర్ కాంగ్రెస్ సభల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆ సభలకు అధ్యక్షుడు కామరాజ్. ఆ నెలాఖరులోపే శాస్త్రిని శాఖ లేని మంత్రిగా వెనక్కి పిలిపించుకున్నారు. మొరార్జీని పిలవలేదు. పేరు మాత్రం చెప్పలేదు. మే 22న విలేకరులు వారసుడి సంగతి అడిగితే, నా ఆయుష్షు అంత త్వరగా తీరదులెమ్మన్న అర్థంలో నవ్వేసి డెహ్రాడూన్ వెళ్లారు. 26న తిరిగొచ్చారు. 27 మధ్యాహ్నం పోయారు.

రాజ్యాంగం తెరిచి చూస్తే ప్రధాని చనిపోతే ఏం చేయాలో ఒక్క వాక్యం ఉండదు. రాష్ట్రపతి పోతే ఉపరాష్ట్రపతి ఉన్నాడు. ప్రధానికి ఉపప్రధాని ఉండి తీరాలని లేదు, అప్పుడు లేడు కూడా. ప్రధాని లేకపోతే మంత్రివర్గమే ఉండదు. అంటే ఆ మధ్యాహ్నం కాసేపు చట్టప్రకారం ఈ దేశానికి ప్రభుత్వమే లేదు. ఆ ఖాళీని పూడ్చాల్సిన మనిషి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణిలో పుట్టి, చిన్నప్పుడు మా తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న మనిషి. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడు. ఆయన తత్త్వవేత్త అని మనం మురిసిపోతాం గానీ, ఆ రోజు ఆయన చేసింది మంచి గుమాస్తా చేసే పని. మంత్రివర్గంలో నెహ్రూ తర్వాతి స్థానం హోంమంత్రి గుల్జారీలాల్ నందాది. కొన్ని గంటల్లోనే నందాను పిలిచి ప్రధానిగా ప్రమాణం చేయించేశారు. పార్టీ తన నాయకుణ్ణి ఎన్నుకునేదాకా మీరు ఉండండి, తర్వాత దిగిపోండి. ఎక్కడా రాసిలేని ఈ పద్ధతి ఆ సాయంత్రం పుట్టింది. హాంగెన్ ఎంచిన ఎనిమిది మందిలో నందా పేరే లేదు.

అప్పుడు మేం చంద్రగిరి అవతల ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా నాన్న ప్రాథమిక పాఠశాలలో అయివారు. ఖద్దరు కట్టేవాడు. వేసవి సెలవులు, మామిడికాయల రోజులు. పంచాయతీ ఆఫీసు రేడియోలో ఆ సాయంత్రం పాటల్లేవు, వాద్యసంగీతం ఒకటే. చుట్టూ చేరిన జనంలో మునసబు కొలువులో పనిచేసి మానేసిన ఒక ముసలాయన మా నాన్నను అడిగాడు.

"అయివారూ, ఇంగ రాజెవురు?"

"నందా అంట."

"ఆయన ఎవురి కొడుకు?"

మా నాన్న దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి బావి దగ్గర తలకు నీళ్లు పోసుకుని, అన్నం వద్దని పడుకున్నాడు. మా అమ్మ మాకు పెట్టింది. పేపరు మర్నాడు బస్సులో వచ్చింది. పంచాయతీ అరుగు మీద ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. ఏడ్చినవాళ్లు ఏడ్చారు. అయితే వాళ్ల మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఏడుపు కాదు, లెక్క. బియ్యం ధర ఇంకా పెరుగుతుందా, చైనావాడు మళ్లీ వస్తాడా, హిందీ పెట్టేస్తారా. ఢిల్లీలో పెద్దవాళ్లు గుసగుసలాడుకున్న ప్రశ్నలే మా పల్లె అరుగు మీద బిగ్గరగా అడిగారు.

ఢిల్లీలో 28న అంత్యక్రియలు, యమున ఒడ్డున, రాజ్‌ఘాట్‌కు పక్కనే. చితి ఆరకముందే వారసుడి వేట మొదలైంది. ఈ వేటలో జరిగిందాన్నంతా మన పాఠ్యపుస్తకాలు ఏకగ్రీవం అన్న ఒక్క మాటతో తేల్చేస్తాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఏకగ్రీవం దానంతటది రాలేదు. కామరాజ్ చేశారు.

మొరార్జీ పోటీకి దిగాలనుకున్నారు. దాపరికం ఆయన స్వభావంలో లేదు. యు.ఎన్.ఐ. వార్తాసంస్థలో ఉన్న కులదీప్ నయ్యర్, మొరార్జీ బరిలోకి దిగిన మొదటి మనిషి అని వార్త పంపారు. దుఃఖం ఇంకా పచ్చిగా ఉంది. అప్పుడే పదవి అడుగుతున్నాడన్న మాట పడటంతో ఆయనకు రావలసిన ఓట్లు జారిపోయాయి. నయ్యర్ అంతకుముందు శాస్త్రి దగ్గర సమాచార అధికారిగా పనిచేసినవాడు. ఆ వార్త శాస్త్రికి ఎంత మేలు చేసిందో తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. నందాకూ ఆశ లేకపోలేదు. కూర్చున్న కుర్చీని ఎవరు వదులుకుంటారు? జగ్జీవన్‌రామ్ పేరూ వినబడింది. పోటీ పెడితే శాస్త్రే గెలిచి ఉండొచ్చు. కానీ ఎన్ని ఓట్లతో గెలిచాడు, ఎవరు ఎటువేశారు అన్నది బయటపడేది. బయటపడితే ఓడినవాడు గెలిచినవాడికి ఎప్పటికీ లోబడడు. అందుకే కామరాజ్ ఓట్లు లెక్కపెట్టారు, లెక్క మాత్రం ఎవరికీ చూపించలేదు.

మే 31న కాంగ్రెస్ కార్యవర్గం ఆయనకు ఆ అధికారం ఇచ్చింది: అందరినీ కనుక్కుని ఎవరి పేరు మీద ఎక్కువమంది మొగ్గుతున్నారో మీరే తేల్చండి. ఆయన బడి చదువు సగంలో ఆగిపోయింది. హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ముఖ్యమంత్రులను, కార్యవర్గ సభ్యులను, పార్లమెంటు సభ్యులను పిలిచి మాట్లాడారు. ఎక్కువ వినేవారు, తక్కువ చెప్పేవారు. గట్టిగా అడిగితే 'పార్కలాం', చూద్దాం, అని లేచిపోవడం ఆయనకు అలవాటు. సరిహద్దున ఉన్న మాకు ఆ తమిళ చూద్దాం బాగా తెలుసు. అందులో అవునూ ఉంటుంది, కాదూ ఉంటుంది. జూన్ 2 పొద్దున మొరార్జీకి కబురు చేరింది, మొగ్గు శాస్త్రి వైపు ఉందని. మొరార్జీకి నచ్చలేదు. ఒప్పుకున్నారు. ఆ రోజు పార్టీ సమావేశంలో శాస్త్రి పేరు ప్రతిపాదించింది నందా, బలపరిచింది మొరార్జీ. ఆశపడి ఓడినవాళ్లిద్దరి చేతనే గెలిచినవాడి పేరు పలికించడం కామరాజ్ తెలివి.

జూన్ 9న శాస్త్రి ప్రమాణం చేశారు. ముసలాయన ప్రశ్నకు అప్పుడు జవాబు వచ్చిందనుకుంటాను. ఆయన ఎవరి కొడుకూ కాదు. మొగల్‌సరాయిలో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్న బడిపంతులు కొడుకు. మా నాన్నకు ఆ చివరి మాట ఒక్కటి చాలు, ఆ ఏడంతా చెప్పుకున్నాడు.

నెహ్రూ 1954లోనే వీలునామా రాసుకున్నారు. గుప్పెడు బూడిద అలహాబాదులో గంగలో కలపమని, మిగిలింది విమానంలోంచి రైతులు దున్నే పొలాల మీద చల్లమని. జూన్‌లో చల్లారు. ఆ పొలాల్లో అప్పుడు సరిపడా తిండి పండటం లేదు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే గోధుమలమీద పట్టణాలు బతుకుతున్నాయి. శాస్త్రి మంత్రివర్గం కూర్చేటప్పుడు ఆహారశాఖ ఎవరికీ అక్కర్లేని శాఖ. ఉక్కుశాఖలో హాయిగా ఉన్న సి. సుబ్రమణ్యంను లేపి అందులో కూర్చోబెట్టారు. ఖాళీ అయిన ఉక్కుశాఖ సంజీవరెడ్డికి వచ్చింది. ఆయన అంతకుముందే, ఫిబ్రవరిలో, కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలవల్ల ముఖ్యమంత్రి పదవి వదిలేసి ఉన్నారు. సమాచార ప్రసారశాఖ, మన గోపాలరెడ్డి ఒకప్పుడు చూసింది, ఇందిరాగాంధీకి వెళ్లింది.

సుబ్రమణ్యం చేసిన పని నెమ్మదిగా తేలింది. పండించినవాడికి ధర గిట్టకపోతే ఎరువెందుకు వేస్తాడు అన్నది ఆయన వాదన. 1965 జనవరిలో ధరల కమిషన్, ఆహార సంస్థ రెండూ మొదలయ్యాయి. నేల మన దగ్గర సిద్ధంగానే ఉంది. నెహ్రూ కాలంలోనే, 1960-61లో, దేశంలో ఏడు జిల్లాలను ఎంచి విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒక్కచోట ఇచ్చే ప్యాకేజీ పథకం పెట్టారు. అందులో పశ్చిమగోదావరి ఒకటి. 1967లో ఆ జిల్లాలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐ.ఆర్.8 వరి పండించి, పొట్టి పైరు ఎంత దిగుబడినిస్తుందో నలుగురికీ చూపించాడు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ. మధ్యలో ఒక ప్రధాని వచ్చి వెళ్లిపోయాడు. దేశ భవిష్యత్తు అనే మాటకు నాకు కనబడే అర్థం ఇంతే. ఒకరు మొదలుపెట్టిన ఫైలు ఇంకొకరి బల్ల మీద కూడా కదలడం.

అంతా సాఫీగా నడిచిందని కాదు. శాస్త్రి ప్రమాణం చేసిన నెల తిరక్కుండానే గుండెజబ్బుతో మంచం పట్టారు. 1965 జనవరిలో హిందీ గొడవకు మద్రాసు రాష్ట్రం మండిపోయింది. సుబ్రమణ్యం రాజీనామా చేసే దాకా వెళ్లింది. హిందీ రుద్దబోమని నెహ్రూ ఇచ్చిన మాట నిలబెడతామని శాస్త్రి రేడియోలో చెప్పాక చల్లబడింది. తర్వాత పాకిస్తాన్‌తో యుద్ధం. సోమవారం రాత్రి భోజనం మానమని ఆయన దేశాన్ని అడిగారు. మా అమ్మకు సోమవారం ఒక్కపొద్దు ఎటూ ఉండేది. శివుడికోసం చేసేదాన్ని శాస్త్రిగారి ఖాతాలో కూడా వేశావా అని మా నాన్న వేళాకోళం ఆడేవాడు.

1966 జనవరి 11 తెల్లవారుజామున తాష్కెంట్‌లో శాస్త్రి పోయారు. మళ్లీ రాధాకృష్ణన్, మళ్లీ నందా. రెండోసారి కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. కామరాజ్ ఈసారీ ఏకగ్రీవం కోసం చూశారు. మొరార్జీ ఈసారి తల వంచలేదు, లెక్క చూపించమన్నారు. చూపించారు: ఇందిరాగాంధీకి 355, మొరార్జీకి 169. తాము చెప్పినట్టు వింటుందనుకుని ఆమెను ఎక్కించిన పెద్దలను ఏడాదికే జనం దించేశారు. 1967 ఎన్నికల్లో కామరాజ్ విరుదునగర్‌లో, పాటిల్ బొంబాయిలో, అతుల్య ఘోష్ బాంకురాలో ఓడిపోయారు. హిందూపురం నుంచి గెలిచి సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరయ్యారు.

1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ పదవిలో ఉండగానే పోయారు. సిండికేట్ సంజీవరెడ్డిని నిలబెట్టింది. ఇందిర లోలోపల వి.వి. గిరిని నిలబెట్టింది. బరంపురం తెలుగాయన ఒకవైపు, అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయన ఇంకోవైపు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండో ప్రాధాన్యం లెక్కపెట్టాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. మన రాష్ట్రంలో అప్పుడు తెలంగాణ ఉద్యమం రగులుతోంది, తెలుగువాడు రాష్ట్రపతి అవుతున్నాడని సంబరపడే స్థితిలో ఎవరూ లేరు. ఆ ఏడాది నవంబరుకు కాంగ్రెస్సే రెండుగా చీలింది. సంజీవరెడ్డి రాష్ట్రపతి అయింది 1977లో, పోటీ లేకుండా. రెండేళ్లకు, 1979 జులైలో, ప్రధానిగా ఉన్న మొరార్జీ రాజీనామా చేసి, మళ్లీ ప్రభుత్వం ఏర్పాటుచేయడానికి నాకే అవకాశమివ్వండని ఆయన్నే అడగాల్సి వచ్చింది. రెడ్డి చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఇద్దరి బలాబలాలు చూసి చేసిన నిర్ణయమే అయినా, మొరార్జీ మాత్రం పాత పద్దు మరిచిపోయి ఉంటారని నేననుకోను.

ఇంక 1984 అక్టోబరు 31. ఇందిరాగాంధీ హత్యకు గురైన రోజు. రాష్ట్రపతి జైల్‌సింగ్ విదేశాలనుంచి దిగి, ఆ సాయంత్రమే రాజీవ్‌గాంధీతో ప్రమాణం చేయించారు. మధ్యలో ఉండే మనిషి లేడు, పార్టీ ముందుగా సమావేశమై ఎన్నుకోవడం లేదు. రాధాకృష్ణన్ వేసిన దారిని ఆ రోజు ఎవరూ తొక్కలేదు. 1964తో పోల్చడం పూర్తిగా న్యాయం కాదని నాకు తెలుసు. అప్పటిది ముసలితనపు చావు, ఇది తుపాకీ చావు. కానీ మర్నాటినుంచి మూడు రోజులు ఢిల్లీ వీధుల్లో సిక్కులను చంపుతుంటే ప్రభుత్వం కనబడలేదు. సర్కారు లెక్క ప్రకారమే ఢిల్లీలో చనిపోయినవాళ్లు 2,733 మంది. హోంమంత్రి మన పి.వి. నరసింహారావు. ఇరవై ఏళ్ల కిందట ఆ శాఖలోనే ఉన్న నందా అప్పటికింకా బతికే ఉన్నారు, కామరాజ్ 1975లోనే పోయారు. వారసుణ్ణి వెతికి కుర్చీలో కూర్చోబెట్టడానికి పదమూడు రోజులు పట్టిన దేశానికి ఈసారి ఒక్క సాయంత్రం సరిపోయింది.